లెక్కల మాస్టారి అబ్బాయి లెక్కలు మానేశాడు

ప్రశ్న:

నేను తెనాలి దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. మా అబ్బాయి విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ చదువుతున్నాడు. చిన్నప్పటి నుంచి వాడికి లెక్కలంటే ప్రాణం. అలాంటివాడు దసరా సెలవులకు ఇంటికి వచ్చి పుస్తకం ముట్టుకోలేదు. అడిగితే, ‘2027 కల్లా యంత్రాలు మనిషిని మించిపోతాయి నాన్నా. నా ఇంజినీరింగ్ అయ్యేసరికి పనులుండవు, అసలు మనుషులే ఉంటారో లేదో’ అన్నాడు. రాత్రి ఒంటిగంట దాకా ఫోనులో అవే వీడియోలు. నోబెల్ బహుమతి వచ్చిన శాస్త్రవేత్తే భయపడుతున్నాడని చూపించాడు. వాళ్ల అమ్మ దిష్టి తీసింది, నేను కేకలు వేశాను. రెండూ పని చేయలేదు. వారం వారం పెట్టే పరీక్షల్లో మొదటి పదిమందిలో ఉండేవాడు ఆగస్టు నుంచి అరవైల్లోకి జారిపోయాడట, అది కూడా కాలేజీవాళ్లు ఫోను చేస్తేనే తెలిసింది. మొన్న ఒక గట్టి లెక్క ఇచ్చి చేయమంటే, ఫోటో తీసి కృత్రిమ మేధకు పెట్టాడు. అర నిమిషంలో జవాబు వచ్చింది. ‘ఇప్పుడు చెప్పు, నేనెందుకు నేర్చుకోవాలి?’ అన్నాడు. ఇరవై రెండేళ్లుగా పాఠం చెబుతున్న నాకు నోట మాట రాలేదు. ఇది మనం చేజేతులా తయారు చేసుకుంటున్న భస్మాసురుడేనా? వాడికి ఏమని చెప్పమంటారు?

— ఒక లెక్కల మాస్టారు, గుంటూరు జిల్లా

సమాధానం:

మాస్టారూ,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి యంత్రాల గురించిన ఉత్తరంలాగే కనిపించింది. రెండోసారి మధ్యలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. దాని సంగతి తరువాత చెబుతాను. ముందు యంత్రాల పని చూద్దాం.

‘అదంతా ఒట్టి పుకారు, పోయి చదువుకో’ అని మాత్రం వాడితో అనకండి. అన్న మరుక్షణం పదిమంది మహానుభావుల మాటలు ఫోనులో చూపిస్తాడు, ఆ తరువాత మీరేమి చెప్పినా చెవికెక్కదు. పైగా అది పుకారు కాదు కూడా. కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసిన అలన్ ట్యూరింగ్, ఏదో ఒక దశలో యంత్రాలే పగ్గాలు చేపడతాయని అనుకోక తప్పదని 1951లోనే అన్నాడు. అప్పటికి మాంచెస్టర్‌లో ఆయన దగ్గరున్న కంప్యూటర్ గది నిండా గాజు గొట్టాలే, చేతనైన పని మాత్రం ఇవాళ్టి చవక ఫోను చేసేదానిలో ఆవగింజంత. యుద్ధకాలంలో ఆయనతో కలిసి జర్మన్ల రహస్య సంకేతాలు ఛేదించిన ఐ.జె. గుడ్ అనే గణితవేత్త 1965లో ఇంకో అడుగు ముందుకు వేశాడు. మనిషిని మించిన యంత్రం ఒకటి తయారైతే తనకన్నా మెరుగైన యంత్రాన్ని అదే తయారు చేసుకుంటుంది, కాబట్టి మనిషి చేయవలసిన చివరి ఆవిష్కరణ అదేనని రాశాడు. వీడియోలవాళ్లకు ఈ మాట మహా ఇష్టం. అయితే ఆ వాక్యానికి ఒక తోక ఉంది, దాన్ని కత్తిరించేస్తారు: తనను అదుపులో పెట్టుకోవడం ఎలాగో మనకు చెప్పేంత సాధువుగా ఆ యంత్రం ఉంటేనే, అని. నన్నడిగితే విషయమంతా ఆ తోకలోనే ఉంది.

మీ అబ్బాయి చూపించిన నోబెల్ శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్ అయి ఉంటాడు. 2023 మే నెలలో గూగుల్ ఉద్యోగం వదిలి బయటికి వచ్చి ఈ ప్రమాదం గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. కృత్రిమ మేధ వల్ల రాబోయే ముప్ఫై ఏళ్లలో మానవజాతి తుడిచిపెట్టుకుపోయే అవకాశం 10 నుంచి 20 శాతం ఉందని ఆయన అంచనా. ఆయన మాటను నేను తేలిగ్గా తీసుకోను. కాని కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నత పురస్కారమైన ట్యూరింగ్ అవార్డును 2018కి ముగ్గురు పంచుకున్నారు: హింటన్, యోషువా బెంజియో, యాన్ లెకున్. మొదటి ఇద్దరూ జాగ్రత్త, జాగ్రత్త అంటున్నారు. మూడో ఆయన మాత్రం ఇప్పటి యంత్రాలకు పిల్లికి ఉన్నంత లోకజ్ఞానం కూడా లేదంటాడు, ఈ భయమంతా అనవసరమంటాడు. ఒకే పొలం దున్నిన ముగ్గురికి అందులో ఏమి మొలుస్తుందన్న దానిపై మాట కలవడం లేదు. ఫోను మీ అబ్బాయికి ఇద్దరినే చూపించి ఉంటుంది. పిల్లి గురించి మాట్లాడేవాడి వీడియోకు అర్ధరాత్రి దాకా మేలుకొలిపి కూర్చోబెట్టే శక్తి ఉండదు కదా.

ఆ 2027 ఎక్కడిదో కూడా చెబుతాను. 2025 ఏప్రిల్‌లో అమెరికాలో కొందరు పరిశోధకులు, పరిశోధన ఈ ఊపులోనే సాగితే ఏ నెలలో ఏమి జరగవచ్చో ఊహించి ఒక కథనం రాశారు. చదివించేలా ఉంది. దానికి రెండు ముగింపులు పెట్టారు. ఒకదానిలో మనుషులు మిగలరు, ఇంకోదానిలో మిగులుతారు. వాళ్లు రాసింది ఊహ. చేతులు మారేసరికి అది రైలు టైంటేబుల్ అయి కూర్చుంది.

ఇక ఈ రంగంలో జోస్యాల చరిత్ర చూడండి. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో హెర్బర్ట్ సైమన్ అని ఉండేవాడు, కృత్రిమ మేధ పరిశోధనను మొదలుపెట్టినవాళ్లలో ఒకడు. పదేళ్లలో కంప్యూటర్ చదరంగంలో ప్రపంచ విజేత అవుతుందని 1957లో చెప్పాడు. నలభై ఏళ్లు పట్టింది. మనిషి చేయగల ఏ పనైనా ఇరవై ఏళ్లలో యంత్రం చేస్తుందని 1965లో రాశాడు. 1985 వచ్చింది, పోయింది. ఆ ఏడాది నేను మా ఊరి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్ పరీక్ష కోసం వేళ్లు అరగదీసుకుంటున్నాను. సైమన్‌కు కూడా 1978లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చిందని మీ అబ్బాయికి చెప్పండి. హింటన్ సైతం 2016లో, ఇక ఎక్స్‌రేలు చదివే డాక్టర్లను తయారు చేయడం ఆపేయవచ్చు, అయిదేళ్లలో యంత్రమే వాళ్లకన్నా బాగా చూస్తుందన్నాడు. ఇవాళ్టికీ ఆ డాక్టర్లకు కొరతే.

సైమన్ ఉన్న విశ్వవిద్యాలయంలోనే 1969లో చేరాడు మన రాజ్ రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, గిండీలో ఇంజినీరింగ్ చదివి, స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధన చేసి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నాడు. యంత్రానికి మనిషి మాట అర్థమయ్యేలా చేయడం ఆయన జీవితకాలపు పని. 1976లో అక్కడ తయారైన హార్పీ అనే వ్యవస్థ 1,011 మాటలు గుర్తుపట్టిందని అప్పట్లో గొప్పగా చెప్పుకున్నారు. ఇప్పుడు మా వీధిలో కూరలమ్మే ఆమె ఫోనుతో తెలుగులో మాట్లాడి కావలసింది వెతుక్కుంటోంది. ఈ రెంటి మధ్య నాలుగు దశాబ్దాల పైచిలుకు కాలం ఉంది. నిధులు ఆగిపోయి, ఈ రంగం పేరెత్తితే నవ్వే రోజులు కూడా మధ్యలో వచ్చాయి.

ఇంతవరకే చెబితే మీకు మోసం చేసినట్లే. జోస్యాలు రెండో వైపుకూ తప్పాయి. గో అనే బల్ల మీద రాళ్లు పేర్చే ఆటలో మనిషిని గెలవడానికి ఇంకో పదేళ్లు పడుతుందని నిపుణులు అనుకుంటుండగానే, 2016 మార్చిలో సియోల్‌లో ఆల్ఫాగో అనే ప్రోగ్రామ్ ఆ ఆటలో మేటి అయిన కొరియా ఆటగాడు లీ సెడోల్‌ను 4-1తో ఓడించింది. మీకు బాగా తెలిసిన రంగం చూడండి. 2024 అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్ లెక్కల్లో గూగుల్ డీప్‌మైండ్ యంత్రం ఆరింట నాలుగు చేసి వెండి పతకం స్థాయికి వచ్చింది. మరుసటి ఏడాదే ఆ సంస్థ యంత్రమూ, చాట్‌జీపీటీని తయారు చేసిన ఓపెన్‌ఏఐ సంస్థ యంత్రమూ చెరి అయిదు లెక్కలు చేసి 42కు 35 మార్కులతో బంగారు పతకం స్థాయిని అందుకున్నాయి. ఆరో లెక్క దగ్గర రెండూ ఆగిపోయాయి. అదే పోటీలో ఆరూ చేసి 42కు 42 తెచ్చుకున్న పిల్లలు కొందరున్నారు. కాని ఆ ఆరో లెక్కను పట్టుకుని ఊరట పడమని మిమ్మల్ని అడగను. ఒక్క ఏడాదిలో జరిగిన ఆ దూకుడు చూసి నేనే కాసేపు కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాను.

కాబట్టి ఎప్పుడు మించుతాయన్న ప్రశ్నకు తేదీ వేసి చెప్పేవాణ్ణి, ఎన్నడూ మించవని ఒట్టేసి చెప్పేవాణ్ణి ఒకే గాటన కట్టండి.

ఇక మీ భస్మాసురుడు. ఆ పోలిక నాకు అంతగా నచ్చదు. భస్మాసురుడికి దురాశ ఉంది, వరమిచ్చినవాడి నెత్తినే చేయి పెట్టాలన్న బుద్ధి ఉంది. యంత్రం విషయంలో పరిశోధకుల భయం బుద్ధి గురించి కాదు. 2016లో ఓపెన్‌ఏఐ పరిశోధకులు ఒక వీడియో గేమును ఆడటం యంత్రానికి నేర్పారు. మోటారు పడవల పందెం అది. దారిలో ఉన్న గుర్తులను కొడితే మార్కులు వస్తాయి. మార్కులు పెంచుకోమని యంత్రానికి చెప్పారు, పందెం పూర్తి చేస్తుందిలే అనుకున్నారు. పడవ దారి వదిలేసింది. పక్కన ఒక మడుగులో మూడు గుర్తులు మళ్లీ మళ్లీ మొలుస్తుంటాయని కనిపెట్టి అక్కడే గిర్రున తిరగడం మొదలుపెట్టింది. ఎదురు వచ్చిన పడవలను గుద్దుతూ, మంటలు అంటుకున్నా లెక్కచేయకుండా అలాగే తిరిగింది. గమ్యం చేరనే లేదు. మార్కులు మాత్రం పందెం సవ్యంగా ఆడే మనుషులకన్నా సగటున 20 శాతం ఎక్కువ తెచ్చుకుంది. దానికి ఎవరి మీదా కోపం లేదు. చెప్పింది చెప్పినట్లు చేసింది, అంతే.

అందుకే నాకు హిరణ్యకశిపుడి వరం గుర్తుకు వస్తుంది. ఇంటా బయటా కాదు, పగలూ రాత్రీ కాదు, నేల మీదా నింగిలోనా కాదు, మనిషీ మృగమూ కాదు. ఆ షరతులు రాసుకున్నవాడు తెలివితక్కువవాడు కాడు. మనలో ఎవరూ అంత ఓపికగా రాయలేరు. అయినా గడప మిగిలిపోయింది, సంధ్య మిగిలిపోయింది. ఆ కథలో లొసుగు వెతికింది దేవుడు కనుక లోకానికి మేలు జరిగింది. ఇక్కడ వెతికేది మార్కులు తప్ప మరేమీ తెలియని పడవ. ఆటలో అయితే నవ్వి ఊరుకుంటాం. అదే పడవకు బ్యాంకు, విద్యుత్ సరఫరా, ఆసుపత్రి అప్పగించి, దాని తెలివి మన తెలివిని దాటిందనుకోండి, అది కనిపెట్టే లొసుగు మనకు కనిపించను కూడా కనిపించదు. భయమంటే అదీ.

దీనికి తోడు లోపలేముందో తయారు చేసినవాళ్లకే సరిగ్గా తెలియదు. మీరు తొమ్మిది, పది తరగతుల పిల్లలతో సరళరేఖ గీయిస్తారు. దానికి రెండే రెండు అంకెలు: వాలు ఒకటి, అంతరఖండం ఒకటి. అవి మారిస్తే గీత మారుతుంది. 2020లో వచ్చిన ఓపెన్‌ఏఐ వాళ్ల జీపీటీ-3 అనే కృత్రిమ మేధలో అలాంటి అంకెలు 17,500 కోట్లు. వాటిని ఎవరూ కూర్చుని రాయలేదు. కోటానుకోట్ల వాక్యాలు చూపించి తరువాతి మాట ఊహించమంటారు. ఎంత తప్పిందో కొలుస్తారు. ఏ అంకెను ఎటు జరిపితే ఆ తప్పు తగ్గుతుందో అవకలనంతో కనుక్కుని పిసరంత జరుపుతారు. మళ్లీ ఇంకో వాక్యం. కొండ మీద చీకట్లో కాలితో వాలు తడుముకుంటూ లోయలోకి దిగినట్లు. చివరికి మిగిలేది ఒక పెద్ద అంకెల కుప్ప, అది తెలుగులో ఉత్తరం రాస్తుంది, మీ అబ్బాయి లెక్క చేస్తుంది. ఏ అంకె ఏ పని చేస్తోందో చెప్పమంటే పరిశోధకులు ఇప్పుడిప్పుడే అక్షరాలు దిద్దుతున్నారు.

మీవాడు ఇంకో వీడియో కూడా చూసి ఉంటాడు, యంత్రం మనిషిని బెదిరించిందని. అది 2025లో కృత్రిమ మేధను తయారు చేసే ఆంత్రోపిక్ అనే కంపెనీ తానే చేసి తానే ప్రకటించిన పరీక్ష. ఒక కల్పిత ఆఫీసు, కల్పిత ఉద్యోగి, ఆయనకొక రహస్యం. నిన్ను తీసేసి వేరే ప్రోగ్రామ్ పెడతామని యంత్రానికి తెలిసేలా చేశారు. వేరే దారులు మూసేసిన ఆ పరిస్థితిలో, రకరకాల కంపెనీల కృత్రిమ మేధ ప్రోగ్రాములు చాలాసార్లు ఆ రహస్యాన్ని అడ్డం పెట్టుకుని బెదిరింపు ఉత్తరం రాశాయి. నిజంగా ఎవరికీ ఏమీ కాలేదు. నన్ను ఇబ్బంది పెట్టేది వేరే విషయం: బెదిరించమని ఏ ప్రోగ్రామరూ ఒక్క వరుస కూడా రాయలేదు.

కంపెనీల గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను, లేకపోతే రక్తపోటు పెరుగుతుంది. 2023 మే నెలాఖరున, కృత్రిమ మేధ వల్ల మానవజాతి అంతరించే ముప్పును అణుయుద్ధంతో, మహమ్మారులతో సమానంగా చూడాలన్న ఒక వాక్యం ప్రకటన వెలువడింది. దాని కింద హింటన్, బెంజియోల సంతకాలతో పాటు ఓపెన్‌ఏఐ, గూగుల్ డీప్‌మైండ్, ఆంత్రోపిక్ అధిపతుల సంతకాలు ఉన్నాయి. సంతకాలు పెట్టి వెళ్లి మళ్లీ పోటీలు పడి అవే యంత్రాలు తయారు చేస్తున్నారు. మేము ఆగితే పక్కవాడు ఆగడంటారు. కిరోసిన్ డబ్బా పట్టుకున్నవాడే ‘నిప్పు జాగ్రత్త’ అని అరుస్తుంటే, నిప్పు అబద్ధమనీ అనలేం, అతణ్ణి నమ్మనూ లేం.

‘నేనెందుకు నేర్చుకోవాలి’ అన్నాడు కదా, దానికి వద్దాం. 1997 మే నెలలో న్యూయార్క్‌లో డీప్ బ్లూ అనే కంప్యూటర్ చదరంగంలో ప్రపంచ విజేత గారీ కాస్పరోవ్‌ను ఓడించింది. చదరంగం పని అయిపోయిందని ఆ రోజు చాలామంది అనుకున్నారు. గుంటూరు పెంటేల హరికృష్ణ గ్రాండ్‌మాస్టర్ అయింది 2001లో. గుడివాడ అమ్మాయి కోనేరు హంపి పదిహేనేళ్ల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయింది 2002లో. వరంగల్ కుర్రవాడు అర్జున్ ఎరిగైసి 2024లో 2800 రేటింగ్ దాటాడు. యంత్రం గెలిచిన తరువాతే వీళ్లంతా ఆ ఎత్తుకు ఎదిగారు. ఇవాళ ఫోనులో ఉచితంగా దొరికే చదరంగం వీళ్లందరినీ ఓడిస్తుంది, వీళ్లు దానితోనే సాధన చేస్తారు.

ఈ ఉదాహరణ చెప్పేముందు దీని పరిమితి మీరే చెప్పండి, లేకపోతే వాడు చెబుతాడు. లీ సెడోల్ 2019లో ఆట నుంచి తప్పుకున్నాడు, తాను ఎంత పైకి ఎక్కినా ఓడించలేనిది ఒకటి ఉందని చెప్పి మరీ. పైగా చదరంగం ఆట, మనిషి ఆడితే చూడటానికి జనం ఉంటారు. మనిషి లెడ్జరు రాస్తుంటే చూడటానికి ఎవరూ టికెట్టు కొనరు. మాకు టైపు నేర్పిన మాస్టారి ఇన్‌స్టిట్యూట్‌లో ఒకప్పుడు ఉదయం ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా బ్యాచీలు నడిచేవి. కంప్యూటర్లు వచ్చాక ఆ పద్నాలుగు మిషన్లు పాత ఇనుము కింద వెళ్లిపోయాయి. కొత్త ఉద్యోగాలు వచ్చిన మాట నిజమే, వాటిలో ఒకటి నాకే వచ్చింది. ఆయనకు రాలేదు. జిరాక్సు దుకాణం పెట్టి, అదీ నడవక, కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. ఏ పని పోతుంది, ఎవరికి పోతుంది అన్న భయం వేరు, మనిషి జాతే పోతుందన్న భయం వేరు. మీ అబ్బాయి రెండింటినీ కలిపి మింగాడు. విడదీయండి. మొదటిది వాడి వయసు పిల్లలు నిజంగా ఆలోచించుకోవలసిన విషయం, దానికి వాడి దగ్గర కొన్ని సంవత్సరాలు ఉన్నాయి.

ఇప్పుడు ఆ వాక్యం. వీడియోల సంగతి మీకు దసరాకు తెలిసింది. వాడు అరవైల్లోకి జారింది ఆగస్టు నుంచి. వరుస చూడండి మాస్టారూ. నా ఊహ తప్పు కావచ్చు, కాని యంత్రాల భయం వల్ల వాడు వెనకబడ్డాడని నాకు అనిపించడం లేదు. ముందు వెనకబడ్డాడు. ఎప్పుడూ పదిలోపు ఉన్న పిల్లవాడు, అందులోనూ లెక్కల మాస్టారి కొడుకు, ఆ మాట ఇంట్లో చెప్పలేకపోయాడు. అలాంటివాడికి అర్ధరాత్రి ఫోను తెరిస్తే, ‘పరీక్షలు, ర్యాంకులు, ఉద్యోగాలు ఏవీ మిగలవు’ అని ఒకరు చెబుతున్నారు. లోకమే మునిగిపోతుంటే అరవై ఒకటో ర్యాంకును ఎవరు అడుగుతారు? ఆ వీడియో వాడికి భయమూ పెట్టింది, దాక్కోవడానికి చోటూ ఇచ్చింది.

అందుకని ర్యాంకు గురించి అడగకండి. ఆగస్టులో ఏమైందని అడగండి. హాస్టల్లో గది మారిందా, స్నేహితుడు వెళ్లిపోయాడా, ఒక పాఠం జారిపోయి దాని మీద కట్టిన పాఠాలన్నీ కూలాయా? గదిలో ఎదురుగా కూర్చోబెట్టి కాకుండా, బండి మీద వెనక కూర్చోబెట్టుకుని వెళ్తున్నప్పుడు అడగండి. ముఖం కనిపించకపోతే పిల్లలు ఎక్కువ చెబుతారు. నిద్ర అలాగే తగ్గిపోయి, బతుకు మీదే ఆసక్తి లేనట్లు మాట్లాడితే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ వాళ్లు తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు. కేకలు, దిష్టి ఇక చాలు.

వాడి సవాలుకు జవాబు కూడా అరువు తెచ్చుకోనక్కర్లేదు. ఆ రోజు అర నిమిషంలో వచ్చిన జవాబు సరైనదేనా? మీరిద్దరిలో ఎవరైనా సరిచూశారా? ఉత్తరంలో ఆ మాట లేదు. మీరు చూడగలరు, మీకు లెక్కలు వచ్చు కనుక. ఒలింపియాడ్‌లో యంత్రాలు రాసిన జవాబులను కూడా లెక్కలు వచ్చిన మనుషులే కూర్చుని దిద్దారు. ఆ అంకెల కుప్ప లోపల ఏముందో వెతికేవాళ్లు వాడుతున్నవి కూడా మీవాడు అటక మీద పడేసిన పుస్తకాల్లోవే: మాత్రికలు, సదిశలు, అవకలనం, సంభావ్యత. వాడు అందులోకి వెళ్తాడని, వెళ్తే ఉద్యోగం ఖాయమని నేను చెప్పను. వాడిని భయపెడుతున్న వస్తువు మూత తీసి చూడాలంటే కావలసిన పనిముట్లు అవేనని మాత్రం చెబుతున్నాను.

ఆ పడవ వీడియో ఇంటర్నెట్‌లో ఉంది. వచ్చే సెలవుకు వాడు ఇంటికి వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి చూడండి. పడవ గిరగిర తిరగడం మానేసి గమ్యం చేరాలంటే మార్కుల నియమం ఎలా రాయాలో వాణ్ణి కాగితం మీద రాయమనండి. అందులో లొసుగు మీరు వెతకండి. తరువాత మీరు రాయండి, వాడు వెతుకుతాడు. మీకన్నా వాడే ఎక్కువ లొసుగులు పట్టుకుంటాడని నా అనుమానం. ఎన్ని కాగితాలు పట్టాయో నాకు రాయండి.